ఈదమ్మ తినని తేనెరొట్టె

కొల్లాపురం సాలెవాడలో ఈదమ్మ చేతికి ఎదురు లేదని అందరూ ఒప్పుకునేవాళ్లు. నూలు కండె చుట్టినా, పడుగుకు గంజి పెట్టినా, పదిమందికి పప్పుచారు కాచినా, ఆమె చెయ్యి పడ్డ పనికి మళ్లీ దిద్దుబాటు ఉండేది కాదు. మనిషి మాత్రం నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడదు. మొగుడు దశరథం మగ్గం గుంటలో కూర్చుని పొద్దంతా లోకాభిరామాయణం చెబుతుంటే, ఆమె రాట్నం దగ్గర ఊ కొడుతుండేది. ఇంటికి ఒక్క నోరు చాలదా అనేది ఎవరైనా అడిగితే. అంత పొదుపుగా మాట్లాడే మనిషి ఎనిమిదేళ్లపాటు ఏడాదికొకసారి ఒకే అబద్ధం ఆడింది, అదీ కళ్లు కనపడని ముసలామెతో. ఆ ఎనిమిది మాటలు తర్వాత ఆమెను బతికినన్నాళ్లూ తిన్నాయి.

ఆ ముసలామె జమాదారు బీబమ్మ. సంస్థానం ఉన్న రోజుల్లో రాజావారి కోటకు అరబ్బులు పహరా కాసేవారు. నడుముకు వంకర కత్తి, కాళ్లదాకా గళ్ల లుంగీ, చూపులోనే గదమాయింపు. వాళ్లు బజారున నడిస్తే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసేవాళ్లు. ఆ అరబ్బులకు పెద్ద జమాదారు. అతని భార్య పేరు సఫియా బీ అయినా ఆ పేరు ఆమెకే మరుపొచ్చేంతగా ఊరంతా బీబమ్మ అనేసింది. పోలీసు యాక్షన్ తర్వాత అరబ్బులు ఒక్కొక్కరే ఊరు విడిచారు. హైదరాబాదులో బార్కాసుకు చేరినవాళ్లు చేరారు, ఓడెక్కి తమ దేశం పోయినవాళ్లు పోయారు. జమాదారు కదల్లేదు. మూడేళ్లు మంచంలో తీసుకుని ఇక్కడే మన్నులో కలిశాడు. పిల్లలు లేరు. బార్కాసులో ఉన్న చెల్లెలు వచ్చి రమ్మంటే, ఆయన ఇక్కడుంటే నేనెక్కడికి పోతానంది బీబమ్మ. ఆ తర్వాత కొద్దిరోజులకే రెండు కళ్లకూ పొరలు కమ్మాయి.

ఆమె పెరట్లో ఒక తీపినీళ్ల బావి ఉండేది. వాడలో ఉన్న బావులన్నీ ఉప్పుకషాయం. ఆ నీళ్లతో గంజి కాస్తే నూలు పెళుసెక్కి పటపట తెగుతుంది. అందుకని సాలెవాళ్లంతా గంజికి బీబమ్మ బావి నీళ్లే తోడుకునేవాళ్లు. తాగడానికి మాత్రం పనికిరావు, సాయిబుల బావి గదా. నూలుకు కులం లేదు గనక దాని నోట్లో పోసేవాళ్లు. బీబమ్మకు ఈ సంగతి తెలియక కాదు, ఎన్నడూ ఎత్తేది కాదు.

యాభై మూడులో, శ్రావణమాసంలో, నీళ్లకు వచ్చిన ఈదమ్మను బీబమ్మ పిలిచి కూర్చోబెట్టింది. జమాదారు పోయిన తారీఖుకు ఏటేటా తేనెరొట్టె కాల్చి, ఫాతెహా చదివించి పంచాలట. అది ఆయన తల్లి అరబ్బు దేశంలో చేసిన రొట్టె, ఆమె చేతి నుంచి బీబమ్మ చేతికి వచ్చింది. నిరుడు చూపు ఆనక మాడ్చేసింది. ఈ ఏడు తన నోరు, ఈదమ్మ చెయ్యి కలిస్తే గానీ రొట్టె కాలదు. ఇన్నేళ్లు నీళ్లు తోడుకున్న ఈదమ్మకు కాదనడానికి మొహం చెల్లలేదు. కాదనాలనీ అనిపించలేదు.

అది మన రొట్టెల్లాంటిది కాదు. ముందురోజే గోధుమపిండిలో గుడ్లు, పాలు, కాస్త పులిసిన పిండి వేసి మెత్తగా పిసకాలి. గింజ తీసిన ఖర్జూరాలు, అంజీరాలు, ఖుబానీలు, కిస్మిస్ సన్నగా తరిగి నేతిలో తిప్పాలి. పిండిని తొమ్మిది ఉండలు చేసి, ఒక్కోదాన్ని అవతలి వెలుగు కనపడేంత పల్చగా చాపాలి. పొర మీద నెయ్యి, నెయ్యి మీద పండ్లు, మళ్లీ పొర. పైన నల్లజీలకర్ర. మందపాటి రాగి తపేలాలో పెట్టి కింద కొన్ని నిప్పులు, మూత మీద ఎక్కువ నిప్పులు వేసి కాల్చాలి. దించీ దించగానే, పొగలు కక్కుతుండగానే తేనె పొయ్యాలి. ఘడియ ఆలస్యమైతే తేనె పైనే నిలబడిపోతుంది, పొరల్లోకి దిగదు.

బీబమ్మ పక్కన పీట మీద కూర్చుని చెబుతుంటే ఈదమ్మ చేసింది. పల్చని పొరలు చాపడం ఆమెకు నీళ్లు తాగినంత సులువు, పుట్టిన దగ్గర్నుంచి పోగులతో వేగిన చేతులు గదా. బీబమ్మ ప్రతి పొరనూ వేళ్ల కొసలతో తడిమి చూసి తల ఊపేది. తొమ్మిదో పొర తడిమి, నా చేతి కన్న నీ చెయ్యే మంచిదంది. ఆ మాటకు ఈదమ్మ రోజంతా లోలోపల పొంగిపోయింది. తేనె పోసినప్పుడు సుయ్యిమని లేచిన వాసనకు పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు.

మసీదు మౌల్‌సాబు వచ్చి ఫాతెహా చదివాడు. చదవడం కాగానే బీబమ్మ మొదటి ముక్క కోసి, తడుముకుంటూ ఈదమ్మ చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది.

"నిప్పుల కాడ కూసున్న చెయ్యి ముందుగాల తినాలె బిడ్డా. మా అత్తగారింటి రివాజు. నువ్వు తింటెనే ఆయనకు చేరుతది."

ఆ ఇంటి వంట తింటే ఏమవుతుందో ఈదమ్మకు తెలుసు. రెండేళ్ల కింద తమ వాడ సాలె భిక్షం సాయిబుల దావతులో తిన్నాడని కులపెద్ద గుర్వయ్య కట్టుబాటు వేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. భిక్షం వీధిలో పడుగు నూలు చాపిన పొద్దున ఒక్క మనిషీ సాయం రాలేదు, అంతే. పడుగుకు గంజి పెట్టడానికి పది చేతులు కావాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరే చెరో కొస పట్టుకుని ఉరికితే, ఎండకు గంజి ఆరి పోగులన్నీ కట్టెలా అతుక్కుపోయాయి. నెల తిరక్కుండా మగ్గం ఊడదీసుకుని షోలాపురం మిల్లుకు పోయాడు. మన పెద్దలకు మనిషిని చంపడానికి కత్తి అక్కర్లేదు.

ఈదమ్మ ముక్కను నోటిదాకా తీసుకుపోయి, వట్టి దవడలు ఆడించి, కొంగులో చుట్టుకుంది. మౌల్‌సాబు తల వంచుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. బీబమ్మ కనపడని కళ్లు ఇటే పెట్టి అడిగింది, ఎట్లుందని.

"తిన్న బీబమ్మా. మస్తుంది."

బీబమ్మ మొహం విప్పారింది. అప్పుడు గానీ తాను ఒక ముక్క నోట్లో వేసుకోలేదు.

ఇంటికి పోయేదారిలో ఈదమ్మ ఆ ముక్కను పారెయ్యలేకపోయింది. కోట గోడ మొండిమీద పెట్టి కాస్త దూరంగా నిలబడింది. రెండు కాకులు వాలి పొడుచుకు తిన్నాయి. మనవాళ్లలో పోయినోళ్లకు పెట్టిన ముద్ద కాకి ముడితే చేరినట్టే. జమాదారుకు కూడా చేరిందని మనసుకు చెప్పుకుంది. మనసు అప్పటికి సరేనంది. కావలసిన మాట చెబితే మనసు ఎప్పుడు కాదంది గనక.

ఏటా అదే వరస. ఏటేటా ఈదమ్మ చెయ్యి ఇంకా తిరిగింది. తపేలా పక్కన వేలితో కొడితే వచ్చే చప్పుడును బట్టి లోపల ఎంత కాలిందో చెప్పేది. వాసన మారిన నిమిషానికి మూత తీసేది. తేనె ఎంత పొయ్యాలో కొలత అక్కర్లేదు. ఒక్క రుచే తెలియదు. తయారయ్యేటప్పుడు ఏదీ నోట పెట్టేది కాదు, నైవేద్యం ఎంగిలి చెయ్యగూడదన్న భయం చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉంది. తయారయ్యాక తినేది కాదు, గుర్వయ్య భయం. మధ్యలో బీబమ్మ అడగడం, ఈమె మస్తుంది అనడం, గోడ మీద కాకులు. బీబమ్మ మాత్రం ఇరుగుపొరుగుకు చెప్పుకునేది, నా రొట్టె రుచి నాకన్న ఈదమ్మకు బాగా ఎరుక అని. అది విన్న రోజున ఈదమ్మకు అన్నం సహించేది కాదు.

వాళ్ల చంద్రమాన నెలలకు అధికమాసం ఉండదు గనక ఆ తారీఖు ఏడాదికి పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వచ్చింది. శ్రావణంలో మొదలైనది ఎనిమిదో ఏటికి ఎండాకాలంలో వచ్చి పడింది. తేనె ఎప్పుడూ నల్లమల నుంచి చెంచు పెద్దులు తెచ్చేవాడు. ఆ ఏడు చెట్టు మీంచి పడి కాలు విరిగి అతను కొండ దిగలేదు. ఈదమ్మ అక్కడా ఇక్కడా అడిగి, కోట వెనక వేపచెట్ల మీద పట్లు కోసినవాడి దగ్గర ఒక సీసా కొన్నది. వాడు ఆకు మీద ఒక చుక్క వేసి, రుచి చూడక్కా అన్నాడు. ఈమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పెట్టేదానికి తెస్తున్న తేనెను ఎంగిలి చేస్తారా ఎక్కడైనా. ఇంకే సరుకైనా ఆమె వేలు ముంచి నాకి, వంద వంకలు పెట్టి కొనేది.

వేపపూత తేనె చేదుగా ఉంటుందని సాలెవాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. తారీఖు ముంచుకొస్తున్న తొందరలో ఈదమ్మకే తట్టలేదు. పైగా కాలిన రొట్టె మీద పడి ఆ చేదు ఇంకా చిక్కబడింది. వాసన మాత్రం ఎప్పటిలాగే ఘుమఘుమ.

మౌల్‌సాబు చదివాడు. మొదటి ముక్క ఈదమ్మ చేతికి వచ్చింది. దవడలు ఆడాయి, కొంగు ముడిపడింది.

"తేనె ఎట్లున్నది బిడ్డా? పెద్దులుది కాదంటివి గదా."

"ఎప్పటికన్న తీపున్నది బీబమ్మా."

ఎప్పుడూ మస్తుందితో సరిపెట్టే మనిషి ఆ రోజు ఇంకో మాట ఎందుకు కలిపిందో ఆమెకే తెలియదు. బీబమ్మ తన ముక్క నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలి ఆగింది. ఆగి, మళ్లీ నెమ్మదిగా నమిలి, మొత్తం మింగింది. మౌల్‌సాబు సగం తిని, మిగిలింది రుమాల్లో చుట్టుకుని, దువా చేసి పోయాడు. పెద్దమనిషి, పల్లెత్తు మాట అనలేదు. ఆయన చెప్పుల చప్పుడు గడప దాటేదాకా బీబమ్మ కదల్లేదు.

"ఎన్నేండ్ల సంది తింటలేవు?" అంది తర్వాత.

గొంతులో కోపం లేదు. ఈ ఒక్కసారే అని ఈదమ్మ అనవచ్చు, బీబమ్మ నమ్మేది కూడా. కానీ ఇంకొక్క అబద్ధానికి నోరు రాలేదు.

"మొదటి సంది."

బీబమ్మ చేతివేళ్లు ఒడిలో ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకున్నాయి.

"అయితే ఎనిమిదేండ్లు ఆయనకు చేరలే."

"కాకులు తిన్నయి బీబమ్మా. నేను పారెయ్యలే. కాకి ముట్టినంకనే ఇంటికి పోయిన. మాకు గట్ల పెడితె చేరుతది."

"నేను కాకికి పెట్టలే బిడ్డా. నీకు పెట్టిన."

ఈదమ్మ కొంగు ముడి విప్పింది. ముక్క తీసి మొత్తం నోట్లో కుక్కుకుంది. గుర్వయ్యా లేడు, పడుగూ లేదు, నోటి నిండా చేదు. పొరల్లో, పండ్లలో, నాలుక కిందకు దిగి గొంతు దాకా చేదు. ఆ నమిలే చప్పుడు విని బీబమ్మ చెయ్యి చాపి ఆమె గదవ పట్టుకుంది.

"ఉమ్మెయ్ బిడ్డా, చేదున్నది. ఇప్పుడు తిని ఏం ఫాయిదా."

ఈదమ్మ ఉమ్మలేదు. ఏడుస్తూ మింగింది. తిట్టినా బాగుండేదని, చెంప మీద కొట్టినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. కొడితే బాకీ తీరినట్టుండేది. ఆ ముసలామె ఈదమ్మ నోటి చేదు గురించే ఆలోచించింది.

ఆ ఏడాదంతా ఈదమ్మ ఒకటే నిశ్చయంతో ఉంది. వచ్చే తారీఖుకు మంచి తేనె తెచ్చి, రొట్టె కాల్చి, మౌల్‌సాబు ముందరే మొదటి ముక్క తినాలి. గుర్వయ్యకు తెలిస్తే తెలియనీ. దశరథానికి చెప్పింది, జరిగిందంతా. అన్నింటికీ పది మాటలు మాట్లాడే మనిషి మగ్గం మీద అటూ ఇటూ పోయే నాడె ఆపాడు. "తింటె తిను. పడుగు మనిద్దరం చాపుదాం తియ్" అన్నాడు. ఇంత తేలిగ్గా అంటాడనుకుంటే ఎనిమిదేళ్ల కిందనే చెప్పేది గదా. మొగుడి మనసు కనుక్కోకుండా తనంతట తనే భయపడిపోయినందుకు ఆమెకు ఇంకో విచారం మొదలైంది.

తారీఖు దగ్గరికొచ్చింది. పెద్దులు కాలు బాగై నల్లమల తేనె తెచ్చాడు. బీబమ్మ నుంచి పిలుపు రాలేదు. ఈదమ్మ తనే పోయి, పిండి ఎప్పుడు కలపమంటావని అడిగింది. ఈసారి ఖర్జూరాలు పంచుతానంది బీబమ్మ. ఈదమ్మ బతిమాలింది, తింటానంది, ఒట్టు పెట్టింది. బీబమ్మ ఆమె రెండు చేతులూ కలిపి పట్టుకుని ఒకటే మాట చెప్పింది.

"నువ్వు కష్టంల ఉన్నవని నాకు సమజ్ కాలే. అడగరానిది అడిగిన. తప్పు నాది బిడ్డా."

నీళ్లు ఎప్పటిలా తోడుకొమ్మంది. మంచీచెడూ ఎప్పటిలా అడిగేది. రొట్టె మాట మాత్రం మళ్లీ రాలేదు. మరుసటి ఏడు చెల్లెలు వచ్చి బలవంతాన బార్కాసుకు తీసుకుపోయింది, అక్కడే నాలుగు నెలలకు బీబమ్మ పోయింది. కబురు తెలిసేసరికి మట్టి కూడా ఆరిపోయింది. జమాదారు ఇక్కడ, ఆమె అక్కడ. ఈదమ్మ కొన్న నల్లమల తేనె సీసా అటక మీద అలాగే ఉంది. ఒకరోజు తీసి చూస్తే అడుగున గడ్డకట్టింది. రొట్టె చెయ్యాలని కూర్చుంది కూడా. ఎవరి పేరున, ఎవరు పెడితే తినాలి? సీసా మళ్లీ అటకెక్కింది.

అరవై అయిదులో అనుకుంటా, చేనేత సొసైటీ మీటింగుకు పోయివస్తూ బస్టాండు పక్క సాయిబు హోటల్లో గుర్వయ్య సాసర్లో చాయ్ వంచుకుని ఊదుకుంటూ తాగుతుంటే ఈదమ్మ కంటపడ్డాడు. పక్కన ఇద్దరు సాలె పెద్దమనుషులు బిస్కెట్లు ముంచుకుంటున్నారు. గుర్వయ్య సిగ్గుపడలేదు, రా చెల్లె, చాయ్ తాగు అన్నాడు. ఈదమ్మ నిలబడిపోయింది. తన ఎనిమిదేళ్లు ఆ సాసర్లో ఆవిరైపోతున్నాయి. ఆయన్ను అడగడానికేముంది. కట్టుబాటు ఎప్పుడు సడలిందో ఆయనకే గుర్తు లేదు. భిక్షం మాత్రం షోలాపురం నుంచి తిరిగి రాలేదు.

అరవై ఏడులో ఒక మధ్యాహ్నం బార్కాసు నుంచి ఒక పడుచుపిల్ల వెతుక్కుంటూ వచ్చింది. పేరు జులేఖా, బీబమ్మ చెల్లెలి కూతురు. పెద్దమ్మ చెప్పిన గుర్తులతో వాడ కనుక్కున్నానంది. చేతిలో తగరపు డబ్బా. మూత తీస్తే తొమ్మిది పొరల తేనెరొట్టె. వాసన తగలగానే ఈదమ్మ రాట్నం ఆగిపోయింది. తల్లి చెప్పిన అరకొర మాటలతో తనే కాల్చానని, వాళ్లింట్లో ఎవరికీ అసలు రుచి గుర్తు లేదని, పెద్దమ్మ పేరున ఫాతెహాకు సరిగ్గా అదే పెట్టాలని ఉందని ఆ పిల్ల చెప్పింది.

"పోయే ముందట పెద్దమ్మ మా అమ్మతోని అన్నదంట. నా రొట్టె రుచి ఇంకెవరికి ఎరుక లేకున్నా కొల్లాపురం ఈదమ్మకు ఎరుక, ఆమెనడుగుండ్రి అని. జర తిని చెప్పుండ్రి అత్తా, గిదేనా?"

పోయే ముందు. అన్నీ తెలిశాక. తినని సంగతి బీబమ్మ ఎవరికీ చెప్పలేదు, ఈదమ్మ పరువు అక్కడ కూడా కాపాడింది. ఈదమ్మ గుమ్మంలోనే, వాడ అంతా చూస్తుండగా, ముక్క తీసుకుని తిన్నది. ఎవరూ ఏమీ అనలేదు. ఎదురింటామె బియ్యం ఏరుకుంటూ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ ఏరుకుంది. మెత్తగా, నేతితో, ఖర్జూరంతో, నాలుక మీద కరిగిపోయే తీపి. ఇంత తీపి తన చేతుల మీదుగా ఏడుసార్లు పోయిందా అనుకుంది.

పిల్ల ఆశగా చూస్తోంది. అదే బిడ్డా అంటే సరిపోతుంది, సంతోషంగా పోతుంది. బీబమ్మ మాటా నిలుస్తుంది. ఆ మాట నాలుక కొసకు వచ్చింది. ఎంత అలవాటైన మాట.

"మస్తు తీపున్నది. గదేనా కాదా నాకు తెల్వదు బిడ్డా."

పిల్లకు అర్థం కాలేదు. "మీరే గదా చేసేది?" అంది.

"చేసిన. తినలే. మీ పెద్దమ్మకు ఎరుకే." ఈదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్క ఏడు తిన్న, గది చేదు. ఆమె రుచి ఎరిగినోళ్లు ఈ ఊర్ల ఎవ్వలు లేరు. పొర ఎంత పల్చగుండాలె, తేనె ఎప్పుడు పొయ్యాలె, నిప్పులు ఎన్నెయ్యాలె, అయితె నేర్పుత. కూసో."

జులేఖా డబ్బా మూత పెట్టకుండానే గడప మీద కూర్చుంది.